అందరికీ ఒకే పాస్‌వర్డ్ వద్దు

ప్రశ్న: మార్కాపురంలో మాది పలకరాయి ఎగుమతి చేసే చిన్న సంస్థ. జీఎస్టీ, ఈమెయిల్, బ్యాంకు అన్నింటికీ సిబ్బంది ఒకే పాస్‌వర్డ్ వాడతారు. అదీ కంప్యూటర్ పక్కన చీటీ మీద రాసి ఉంటుంది. ఎంత చెప్పినా వినడం లేదు. ఎలా నేర్పాలి?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మందలిస్తే ఆ చీటీ బల్ల మీది నుంచి సొరుగులోకి మారుతుంది, అంతే. తేలికైన దారి చూపించండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాయమనండి. పొడవే పాస్‌వర్డ్‌కు బలం, గుర్తూ ఉంటుంది. పేర్లు, పుట్టినరోజులు వద్దు. బయటపడిందన్న అనుమానం లేకుండా నెలనెలా మార్పించనక్కర్లేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది.

వీలున్న చోటల్లా ఎవరి లాగిన్ వారికివ్వండి. మనిషి పని మానేసిన రోజే దాన్ని తీసేయండి. ఈమెయిల్‌కు ముందుగా రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చే లింకులు వచ్చేది అక్కడికే.

ఎగుమతిదారులకు పెద్ద ముప్పు మరొకటుంది. దొంగలు మెయిల్‌లోకి చొరబడి, 'మా బ్యాంకు ఖాతా మారింది' అంటూ మీ పేరుతో కొనుగోలుదారుకు ఇన్వాయిస్ పంపుతారు. అలాంటి మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి తేల్చుకోవాలని కొనుగోలుదారులకు, సిబ్బందికి ముందే చెప్పండి.

వారానికి పది నిమిషాలు, కొత్తగా వచ్చిన ఒక మోసపు మెసేజ్ చూపించి అందరితో మాట్లాడండి. పొరపాటున లింకు నొక్కినవారిని తిట్టకండి. భయంతో దాచిపెడితే విలువైన సమయం పోతుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, ఆపైన బ్యాంకుకు ఫోన్ చేయడం ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.