మన పెరటిలో కివి కాయునా?

వర్షాకాలము రాగానే సికింద్రాబాదు పండ్ల అంగళ్లలో కివికి గిరాకీ పెరుగుతుంది. డెంగీ జ్వరములో ప్లేట్‌లెట్లను పెంచుతుందన్న నమ్మకమే అందుకు ముఖ్య కారణము. మా ఇంట ఒకరికి ఆ జ్వరము వచ్చి తగ్గిన పిమ్మట నేను కూడ రెండు కివి మొక్కలు కొని నాటాను. రెండు వేసవులు గోనెపట్టాల నీడలో కాపాడాను. ఆకుల అంచులు మాడినవే గాని ఒక్క పువ్వు కూడ పూయలేదు. ఆ పొరపాటు మరొకరు చేయకూడదనియే ఈ పాఠము.

కివి శీతల ప్రదేశపు తీగ, పుట్టిల్లు చైనా. శీతకాలములో ఆకు రాల్చి నిద్రించే దాని మొగ్గలు మేల్కొని పూయవలెనన్న, సుమారు 7 డిగ్రీలకు దిగువన ఎన్నో వందల గంటల చలి తగలవలెను. మన ఊరిలో పుష్యమాసపు రాత్రులలో సైతము అంత చలి అరుదు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో నాటిన తీగలు చలి చాలక కాపునకు రాలేదు. 1963లో సిమ్లా వద్ద ఫాగ్లీలో నాటినవి 1969లో కాచాయి. నేడు హిమాచల్, అరుణాచల్ ప్రదేశ్ కొండలలో ఈ పంట బాగుగా సాగుతున్నది. పైగా ఆడ, మగ తీగలు వేరు. రెండును ఉంటేనే కాయ కడుతుంది.

మరి మన పందిరికి తగిన పండ్ల తీగ ఏది? ద్రాక్ష. హైదరాబాదు పరిసరములు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పేరు పొందినవి. దినమునకు ఆరేడు గంటల ఎండ తగిలే చోట, రెండున్నర అడుగుల గొయ్యి తీసి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపి వేరు వచ్చిన కొమ్మను నాటవలెను. నీరు నిలువరాదు. ఒకే కాండమును పైకి పోనిచ్చి, ఏడడుగుల ఎత్తున పందిరిపై పరచవలెను.

తీగ ముదిరిన తరువాత ఏటా రెండు కత్తిరింపులు అవసరము. వేసవి ఆరంభములో ఒకటి రెండు కణుపులు మాత్రము ఉంచాలి. అప్పుడు వచ్చే కొత్త రెమ్మలే రాబోవు కాపునకు ఆధారము. అక్టోబరులో రకమును బట్టి ఐదారు కణుపులు ఉంచి కత్తిరిస్తే గుత్తులు వస్తాయి. వేసవి తొలినాళ్లకు పండ్లు చేతికి అందుతాయి.

ఆయుర్వేదము ద్రాక్షను ఫలములలో ఉత్తమమైనదిగా, వాతపిత్తహరముగా పేర్కొన్నది. మలబద్ధకము గలవారు పది పదిహేను ఎండుద్రాక్షలను రాత్రి నానబెట్టి ఉదయము నీటితో సహా తీసుకొనవచ్చును. మధుమేహ రోగులు వైద్యుని అడిగి మాత్రమే వాడవలెను.

'సి' విటమిను కొరకే కివి కోరేవారు ఒక విషయము గమనించాలి. నూరు గ్రాముల కివిలో అది సుమారు 90 మిల్లీగ్రాములుండగా, జామలో 200కు పైనే ఉంటుంది. ఇక డెంగీకి ఏ పండును ఔషధము కాదు. తగినన్ని ద్రవములు, విశ్రాంతి, వైద్యుని పర్యవేక్షణ ముఖ్యము. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావము కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. పండు కొరకు అంగడికి వెళ్లి కాలము వృథా చేయరాదు.