ఎక్స్‌రేలో పోయిన అతుకు

ప్రశ్న: ఐటీఐ వెల్డర్ చేసి నాలుగేళ్లు షెడ్డులో పనిచేశాను. గల్ఫ్ ఉద్యోగానికి 6జి పైపు టెస్టు ఇచ్చాను. పైకి అతుకు ముచ్చటగా ఉంది, ఎక్స్‌రేలో ఫెయిలన్నారు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను. ఈ పని ఇక నాకు రాదా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: పని రానివాడికి పై అతుకు ముచ్చటగా రాదు. 6జిలో పైపు 45 డిగ్రీల వాలులో బిగించి ఉంటుంది. దాన్ని తిప్పకూడదు, మనమే దాని చుట్టూ తిరగాలి. అడుగు నుంచి పైకొచ్చేసరికి మణికట్టు వాటం మారిపోతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లూ ఇక్కడ తడబడతారు.

ముందు ఫిల్ములో తప్పు ఎక్కడుందో చూపించమనండి. నల్ల చుక్కలుంటే గాలి బుడగలు: 7018 రాడ్డు చెమ్మ పట్టి ఉండొచ్చు, టిగ్ చేసేటప్పుడు ఫ్యాను గాలికి ఆర్గాన్ చెదిరి ఉండొచ్చు. నడిమధ్య నల్ల గీత ఉంటే రూట్ (అతుకు మొదటి పొర) అంచులు సరిగా కరగలేదన్నమాట. గ్యాపు, కరెంటు సరిచూసుకోండి.

తొందరపడి మర్నాడే వెళ్లకండి. ఏఎస్‌ఎంఈ వెల్డింగ్ కోడ్ సెక్షన్ 9 ప్రకారం వెంటనే మళ్లీ ఇస్తే, తప్పిన పొజిషన్‌లో వరసగా రెండు ముక్కలు పాసవ్వాలి. మరికొంత శిక్షణ తీసుకుని వెళ్తే ఒక్కటి చాలు. రోజుకో ముక్క అతికించి, కోసి, వంచి చూడండి. పైపు అడుగున, ఆపి మళ్లీ మొదలెట్టే చోట ఎక్కువ సాధన చెయ్యండి.

ఊళ్లో ఎవరైనా అడిగితే ‘ఫెయిలయ్యాను’ అని ఊరుకోకండి. ‘ఫలానా చోట తప్పింది, మళ్లీ ఇస్తున్నాను’ అనండి. తప్పు అతుకులో ఉంది, మీలో కాదు.