సీమావివాదము - సుగౌలీ సంధి

మనుస్మృతి అష్టమాధ్యాయమున చెప్పబడిన పదునెనిమిది వ్యవహారపదములలో సీమావివాదము ఒకటి. ఎల్లల యందు మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, సాలము, తాడి మున్నగు వృక్షములను నాటవలెననియు, ఱాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు మున్నగువానిని గుప్తచిహ్నములుగా పాతవలెననియు, చిహ్నములు స్పష్టముగా కనబడు జ్యేష్ఠమాసమున నిర్ణయము చేయవలెననియు అందు కలదు. పొరుగూరివారు సాక్షులుగా లేనిచో వేటగాండ్రను, గోపాలురను, జాలరులను, దుంపలు త్రవ్వువారిని, పాములు పట్టువారిని అడుగవలెనట. నేల నెరిగినది వారే కదా! మితాక్షరను కేతన తెనిగించిన నాటి నుండి ఈ వ్యవహారశాస్త్రము మనకు పరిచితమే. 1814-16 నాటి గూర్ఖా రాజ్యము, ఈస్టిండియా కంపెనీల యుద్ధమునకు ఈ ప్రకరణము మంచి ఒరగల్లు.

వివాదమునకు మూలము తరాయి ప్రాంతమందలి బుట్వల్, స్యూరాజ్‌లు. కొండలలో స్వతంత్రుడైన పాల్పా రాజు, దిగువనున్న బుట్వల్ నేలకు మాత్రము అయోధ్య నవాబునకు శిస్తు చెల్లించుచుండెను. 1801లో నవాబు గోరఖ్‌పూర్ ప్రాంతమును కంపెనీకి అప్పగించినాడు. కొలది సంవత్సరములకే పాల్పా గూర్ఖాల వశమైనది. పాల్పా రాజు అనుభవించిన నేల తమదని గూర్ఖాలు, నవాబు శిస్తు గొన్న నేల తమదని కంపెనీవారు వాదించిరి. అనగా ఒకరిది భోగము, ఇంకొకరిది స్వామ్యము. ఒకే నేలపై రెండు హక్కులు. గీత గీచి విడదీయదగిన వివాదము కాదది. గూర్ఖాల దురాక్రమణయే యుద్ధకారణమను ఆంగ్ల చరిత్రకారుల మాట ఈ చిక్కును దాటవేయుచున్నది.

1814 మే 29న బుట్వల్ ఠాణాలపై దాడి జరిగి 18 మంది పోలీసులు హతులైరి. యుద్ధప్రకటన నవంబరు 1న వెలువడినది. కాని అంతకు ముందు దినముననే నాలాపానీ కోట యొద్ద జనరల్ గిలెస్పీ మరణించెను. స్త్రీలు, పిల్లలతో కూడ సుమారు 600 మందితో ఆ కోటను కాచిన బలభద్ర కుఁవర్, నీటి దారి మూయబడగా నెలాఖరున సుమారు 70 మందితో వెలికి నడచినాడు. 1815 మేలో మలావున్ యొద్ద అమరసింహ థాపా లొంగిపోయెను. ఆ డిసెంబరులో సుగౌలీలో కుదిరిన సంధి, ఆక్టర్లోనీ మకవాన్‌పూర్ వరకు చొచ్చుకొని వచ్చిన పిమ్మట, 1816 మార్చి 4న గాని ఖాయము కాలేదు.

సంధి ఐదవ అంశము ప్రకారము కాళీనదికి పడమటి భూములను నేపాలము వదలుకొన్నది. నది పేరు కలదు, పుట్టుక చెప్పబడలేదు. మనువు కోరిన గుప్తచిహ్నము గాని, సాక్షి గాని ఆ పత్రమున లేవు. తరాయిలో కొంత భాగము 1816 డిసెంబరులోను, పడమటి భాగము 1860లోను నేపాలమునకు తిరిగి వచ్చినవి. తరాయిలో స్తంభములు పాతి చూపిన గీత కొంత నిలిచినది. సుస్తా యొద్ద గండకీనది దారి మార్చుకొనగా వివాదము మిగిలినది. కాళీ పుట్టుక కాలాపానీ ఊటలదా, లింపియాధురా నుండి దిగు పాయదా అను ప్రశ్న నేటికిని తెగలేదు. 2020లో నేపాలము లింపియాధురాను చేర్చి క్రొత్త పటమును వెలువరించగా భారతదేశము దానిని అంగీకరింపలేదు.