డిగ్రీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మాది విజయవాడలోని గుణదల. బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు, స్నేహితులు సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. నాకేది నప్పుతుందో తెలియడం లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే తేల్చేసుకోవాలని కంగారు పడకండి. ముందు మీ సబ్జెక్టుతో జరిగే పనిని దగ్గరగా చూడండి. డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌ను మన రాష్ట్రం తప్పనిసరి చేసింది. చాలామంది దాన్ని సర్టిఫికెట్‌తో సరిపెట్టేస్తారు. మీరు అలా వదులుకోవద్దు.

మీ చుట్టుపక్కలే కెమిస్ట్రీ ఉంది. విజయ డెయిరీలో పాలలో వెన్న శాతం పరీక్షిస్తారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్‌కు వెళ్లే నీటి శుద్ధతను కనిపెట్టి చూస్తారు. కైకలూరు వైపు రొయ్యల చెరువుల నీటిలో అమ్మోనియా, క్షారత కొలిచే ల్యాబులున్నాయి. ఇలాంటిచోట అవకాశం కోసం మీ లెక్చరర్ ద్వారా లేఖ పంపండి.

అక్కడివాళ్లను జీతం ఒక్కటే అడగకండి. రోజంతా ఏం చేస్తారు, ఏది విసుగు పుట్టిస్తుంది, ఏం చదివి వచ్చారు అని అడిగి రాసుకోండి. ఏ పనిలో మీకు టైం తెలియలేదో కూడా రాయండి.

ల్యాబు నచ్చితే ఎమ్మెస్సీకి ఐఐటీల జామ్, సీయూఈటీ పీజీ పరీక్షలున్నాయి. నచ్చకపోయినా నష్టం లేదు. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు, ఆ దారి తెరిచే ఉంటుంది. మీరు రాసుకున్నది నాన్నగారికి చూపించి మాట్లాడండి. ఆయనది మీ భద్రత గురించిన బెంగ. మీ దగ్గర ఆధారం ఉంటే ఆయన తప్పక వింటారు.