బతుకమ్మ చెప్పే నీటి పాఠం

కళ అనగానే మనకు గోడకు తగిలించిన పటమో, కూడలిలో నిలిపిన విగ్రహమో గుర్తుకొస్తుంది. కాని ఒక చోట కొద్దికాలం నిలిచి, ఆ చోటుతోనే అర్థం పొంది, ఆ తర్వాత మాయమయ్యే కళ కూడా ఉన్నది. పాశ్చాత్యులు దానిని 'ఇన్‌స్టలేషన్' అంటారు. ఆ పేరు విననైనా వినని మన తల్లులు ఏటా భాద్రపద అమావాస్య నుండి తొమ్మిది రోజులు అటువంటి కళనే పేరుస్తున్నారు. అదే బతుకమ్మ.

నేను రైతు బిడ్డను. ఇబ్రహీంపట్నం వైపు మాకు చేనున్నది. నా చదువు కోసం మీర్‌పేటలో కాపురమున్నాం. జొన్న చేనులో మా నాయన కలుపని పీకి పారేసే గునుగునే మా అమ్మ కండ్లకద్దుకొని తాంబాళంలో పేరుస్తుంది. తంగేడు, గునుగు, బంతి వరుసలు పైకి పోయి, కొసన పసుపు గౌరమ్మ కూర్చుంటుంది. ఈ పూలు విరగబూసే రోజులు, వానలకు చెరువులు నిండే రోజులు ఒకటే. చెరువు నిండితేనే బతుకు గనుక పూలు చెరువుకే చేరుతాయి. కట్ట మీద మైసమ్మ కావలి ఉంటుంది.

నీటిని తల్లిగా తలచటం మనకొక్కరికే చెల్లలేదు. ఐర్లండు గాథల్లో బోఆన్ అనే దేవత ఒక మాయబావి చుట్టూ తిరిగితే నీరు పొంగి ఆమెను సముద్రం దాకా తరిమిందట; ఆ పారిన దారే బోయిన్ నది. ఆ బావి గట్టున తొమ్మిది హేజెల్ చెట్లు, వాటి కాయలు తిని జ్ఞానం పొందిన సాల్మన్ చేప! చెట్టు, నీరు, చేప, మనిషి ఒకే గొలుసు. మన పాఠ్యపుస్తకం దీనినే ఆవరణ వ్యవస్థ అంటుంది. 1988లో డబ్లిన్ నగరంలో లిఫీ నదిని స్త్రీగా మలచి, ఫౌంటెన్‌లో కంచు విగ్రహం పెట్టారు. జనం అందులో చెత్త వేశారు. 2001లో దాన్ని అక్కడి నుండి తీసేశారు. 2011లో ఒక పార్కుకు చేర్చారు. దేవతను నిలిపినంత మాత్రాన నీరు శుభ్రపడదు గదా!

బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయని మన దగ్గర ఒక మాట ఉన్నది. సైన్సు విద్యార్థిగా ఇక్కడ నేను కొంచెం ఆగవలసి వచ్చింది. పూలు కుళ్ళేటప్పుడు బ్యాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. నిండు చెరువుకు గుప్పెడు పూలు భారం కావు. కాని మురుగు దినదినం చేరితే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పెరిగి, గుర్రపు డెక్క కమ్ముకొని, ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములుండాలి. మురుగును ఏ పువ్వూ కడగలేదు. కడుగుతుందని నమ్మితే మన పని మనం మరచిపోతాం.

మొన్నటి సద్దుల నాడు అమ్మ బతుకమ్మను ఎత్తుకొని మా చెరువు దాకా పోయింది. ఆ వాసనకు అక్కడే నిలబడి, మారు మాట లేకుండా ఇంటికి తెచ్చి టబ్బులో నిమజ్జనం చేసింది. "తల్లిని మోరీల ఎట్ల వెయ్యాలె బిడ్డా?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది.

మిత్రులారా! కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి మన ల్యాబులో చేయదగినదే. నెలకొకసారి మన చెరువు నీరు సీసాలో పట్టి తెచ్చి, అంకెలు నోటీసు బోర్డు మీద పెడదాం. అంకె చేతిలో ఉంటే అడిగే నోటికి బలం వస్తుంది. అమ్మ మళ్ళీ చెరువుకు పోయే రోజు రావాలంటే ముందు ఆ సీసా మనం పట్టుకోవాలి.