పాత హెడ్‌సెట్, కొత్త డెస్క్ ఫోన్: మీ హక్కులు, నియమాలు

విజయవాడ ఆటోనగర్ లారీ బుకింగ్ ఆఫీసుల్లో, గుడివాడ రైస్ మిల్లుల గుమాస్తాల బల్లల దగ్గర రోజంతా ఫోన్ మాట్లాడేవారికి హెడ్‌సెట్ తప్పనిసరి పనిముట్టు. రిసీవర్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని లోడు వివరాలు రాసుకునే మనిషికి సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తుంది. ఫోన్ మారిన ప్రతిసారీ బాగా పనిచేస్తున్న హెడ్‌సెట్‌ను మూలన పడేయించి కొత్తది కొనిపించడం అన్యాయం. చాలాసార్లు మార్చాల్సింది కింది వైరు ఒక్కటే.

ప్రశ్న: ప్లగ్గు కొత్త ఫోన్‌లో సరిగ్గానే కూర్చుంది. అవతలివాళ్ల మాట నాకు వినబడుతోంది, నా మాటే వాళ్లకు చేరడం లేదు. హెడ్‌సెట్ పోయినట్టేనా?

ముందు పాత ఫోన్‌కే మళ్లీ తగిలించి చూడండి. అక్కడ పనిచేస్తే హెడ్‌సెట్‌కు ఏమీ కాలేదు. రిసీవర్ సాకెట్‌లో పెట్టే ఆ చిన్న ప్లగ్గులో నాలుగు తీగలు ఉంటాయి. రెండు వినడానికి, రెండు మాట్లాడడానికి. ప్లగ్గు ఆకారం దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే కానీ తీగల వరుస ఎవరిది వాళ్లదే. రెండో కారణం మైకు. పాతకాలపు ఫోన్లను బొగ్గు పొడి మైకు కోసం తయారుచేశారు. హెడ్‌సెట్లలో సాధారణంగా ఉండేది ఎలక్ట్రెట్ మైకు. దానికి ఫోన్ నుంచి కొద్దిపాటి డీసీ కరెంటు రావాలి, అదీ ప్లస్, మైనస్ సరిగ్గా ఉండాలి. తిరగబడితే మైకు మూగబోతుంది.

కాల్ సెంటర్ తరహా హెడ్‌సెట్ల వైరు మధ్యలో ఊడదీసే జాయింటు ఒకటి ఉంటుంది. మీ ఫోన్‌కు సరిపడే కింది ముక్క దొరికితే పై భాగాన్ని అలాగే వాడుకోవచ్చు. ప్లాంట్రానిక్స్ కంపెనీ జాయింటు జాబ్రా కంపెనీ జాయింటులో పట్టదు, ఇది చూసుకుని కొనండి. జాబ్రా జీఎన్1200 వైరు మీద ఎనిమిది స్థానాల స్విచ్చు ఉంటుంది. దాన్ని ఒక్కొక్క స్థానానికి జరుపుతూ మాట్లాడి చూస్తే చాలా ఫోన్లకు ఎక్కడో ఒకచోట కుదురుతుంది. ప్లాంట్రానిక్స్ 2019లో పాలీగా పేరు మార్చుకుంది, 2022లో దాన్ని హెచ్‌పీ కొనేసింది. అందుకే షాపులో ఈ మూడు పేర్లూ చెప్పి అడగండి.

ప్రశ్న: ప్లగ్గు లైను సాకెట్‌లో కూడా దూరుతోంది. అక్కడ పెట్టి చూడొచ్చా?

వద్దు. మామూలు ల్యాండ్‌లైన్ మీద సుమారు 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది. గంట మోగేటప్పుడు అంతకంటే ఎక్కువ ఏసీ వస్తుంది. హెడ్‌సెట్ దానికి తట్టుకోదు.

ప్రశ్న: వేరే కంపెనీ హెడ్‌సెట్ తగిలించినందుకు టెలిఫోన్ వాళ్లు అభ్యంతరం పెడతారా? అనుమతి తీసుకోవాలా?

అక్కర్లేదు. టెలికం శాఖ పట్టించుకునేది లైనుకు నేరుగా కలిసే పరికరాన్ని. రెండు వైర్ల టెలిఫోన్లకు 2019 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి పరీక్ష, ధ్రువీకరణ ఉన్నాయి. కాబట్టి ఫోన్ కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడగండి. హెడ్‌సెట్ ఫోన్ వెనకాల రిసీవర్ స్థానంలో కూర్చుంటుంది, లైనును తాకదు.

ఈ మాత్రం స్వేచ్ఛ కూడా పోరాడితేనే వచ్చింది. పక్కవాళ్లకు మాట వినబడకుండా రిసీవర్‌కు తగిలించుకునే హష్-ఎ-ఫోన్ అనే చిన్న డొప్పను కూడా అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ ఒప్పుకోలేదు. 1956లో అప్పీలు కోర్టు వాడకందారు పక్షాన తీర్పు ఇచ్చింది. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఇంకో అడుగు వేసి, నెట్‌వర్కుకు హాని చేయని బయటి పరికరాలను అడ్డుకోవడం కుదరదని తేల్చింది.

ప్రశ్న: షాపులో “మీ ఫోన్‌కు పడుతుంది” అని చెప్పి ఇచ్చిన వైరు పడలేదు. తెరిచిన ప్యాకెట్ వాపసు తీసుకోం అంటున్నారు. నాకేమైనా హక్కు ఉందా?

ఉంది. కానీ ఆ హక్కు మీరు కొనేటప్పుడు ఏం అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, అలాంటి సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్న షాపులో మీ అవసరం ఏమిటో చెప్పి వాళ్ల మాట నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికిరావాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. “ఫలానా కంపెనీ ఫలానా నంబరు వైరు ఇవ్వండి” అని పేరు పెట్టి కొంటే మాత్రం ఆ షరతు వర్తించదు. కాబట్టి బీసెంట్ రోడ్డులో కొన్నా, బందరులో కొన్నా ఇలా అడగండి: “నా దగ్గర ఈ హెడ్‌సెట్ ఉందండీ, ఫోన్ ఇది, రెండూ కలిసి పనిచేసే వైరు ఇవ్వండి.” రెండింటి మోడల్ నంబర్లూ బిల్లు మీద రాయించుకోండి. వాళ్లు రాయకపోతే ఫొటోలు వాట్సాప్‌లో పంపి, పడుతుందన్న జవాబు దాచుకోండి.

బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. గోడ మీద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ బాధ్యత పోదు. మీరు ఏమీ చెప్పకుండా మీ అంచనాతో కొన్న వైరు పడకపోతే మాత్రం అది వస్తువు లోపం కాదు. అప్పుడు షాపు వాళ్ల మంచితనం మీదే ఆధారపడాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొంటే?

ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకు లేకపోతే అమ్మకందారు వాపసు తీసుకోవాల్సిందేనని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. మీ ఫోన్ మోడల్ పేరున్న ఆ పేజీని ఆర్డరు పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత అది మారిపోవచ్చు.

ప్రశ్న: బయటి వైరు వాడాను కాబట్టి ఫోన్‌కు వారంటీ లేదంటున్నారు.

కంపెనీ విడిభాగాలే వాడాలని వారంటీకి ముడిపెట్టడాన్ని అడ్డుకునే చట్టం అమెరికాలో 1975 నుంచి ఉంది. మన దగ్గర అంత సూటి చట్టం లేకపోవడం పెద్ద లోటు. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. అయితే పోర్టల్ చట్టంతో సమానం కాదు.

అలాగని చేతులు కట్టుకోనక్కర్లేదు. నిరాకరణకు కారణం రాతపూర్వకంగా అడగండి. డిస్‌ప్లే చెడిపోతే దానికీ రిసీవర్ సాకెట్‌లోని వైరుకూ సంబంధమేమిటో వాళ్లే చెప్పాలి. వివాదం వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. ఒకవేళ మీ ఫిర్యాదు వారంటీ షరతే అన్యాయమని అయితే అది జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ప్రశ్న: వ్యాపారం కోసం కొన్నాను. నేను వినియోగదారునే అవుతానా?

సొంత బుకింగ్ ఆఫీసు పెట్టుకుని, దాని మీదే బతుకుతున్నవారు అవుతారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్న వస్తువును చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కించదు. పెద్ద సంస్థ విషయంలో కొనుగోలు వెనక ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని 2019లో లీలావతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుగా నిలబడలేకపోయినా 16వ సెక్షన్ కింద సివిల్ కోర్టు దారి ఉంటుంది.

ప్రశ్న: ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు షాపుకు రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని వందల రూపాయల వైరుకు సాధారణంగా ఈ రెండే సరైన దారి. అప్పటికీ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కానీ, విజయవాడ, మచిలీపట్నం జిల్లా కమిషన్లలో మీ పరిధిలోని దానిలో కానీ కేసు వేయొచ్చు. ఎక్కడ కొన్నా, మీరు ఉండే ఊరి కమిషన్‌లోనే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. అవనిగడ్డ మనిషి ఢిల్లీ అమ్మకందారు కోసం ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

ప్రశ్న: ఆఫీసు ఫోన్‌కు నేనే వైరు కోసి తీగలు మార్చుకోవచ్చా?

సొంత వైరైతే మీ ఇష్టం. ఆఫీసు ఫోన్, ఆఫీసు వైరు యజమాని ఆస్తి కాబట్టి ముందు అడగండి. మీ హెడ్‌సెట్ తెచ్చుకోవడానికి కూడా ఐటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: నిజంగానే పాడైపోయిన ఫోన్లు, హెడ్‌సెట్లు ఏం చేయాలి?

టెలిఫోన్లు 2022 ఈ-వ్యర్థాల నియమాల పరిధిలో ఉన్నాయి. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాదిలో వెయ్యి పరికరాలు వాడే సంస్థలు వాటిని రిజిస్టరైన ఉత్పత్తిదారులకు, రిఫర్బిషర్లకు లేదా రీసైక్లర్లకే అప్పగించాలి. చిన్న ఆఫీసులు కూడా పాత ఇనుము కొట్టులో కాకుండా వాళ్లకే ఇవ్వడం మేలు, ఎందుకంటే రాగి కోసం వైర్లను కాలిస్తే ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. పారేసే ముందు బాగున్న కింది వైర్లను విడదీసి, ఏ ఫోన్‌కు పనిచేసేవో చీటీ కట్టి ఉంచండి.