ఆ ఒక్క ‘ఎం’ అందిందా?

మెల్‌బోర్న్

చిరంజీవి చిన్నికి,

పాత కంప్యూటర్లను అనుకరించే 86బాక్స్‌లో విండోస్ 1.0 తెర వచ్చింది గానీ బాణం కదలడం లేదని రాశావు. తొందరపడి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకమ్మా. ఆ విండోస్ 1985 నాటిది. నువ్వు ఎంచుకున్నది పిఎస్/2 మౌసేమో, అది వచ్చింది 1987లో. తన తర్వాత పుట్టినదాన్ని అదెలా గుర్తుపడుతుంది? దానికి సీరియల్ మౌస్ ఇవ్వు.

సీరియల్ మౌస్‌కు విడిగా కరెంటు ఉండదు. పోర్టులోని ఆర్‌టిఎస్, డిటిఆర్ తీగల్లో వచ్చే కొద్దిపాటి విద్యుత్తే ఆధారం. డ్రైవరు ఆర్‌టిఎస్‌ను ఆపి మళ్ళీ ఇవ్వగానే మైక్రోసాఫ్ట్ రకం మౌస్ ‘ఎం’ అనే ఒక్క అక్షరం పంపుతుంది. నేనున్నానని చెప్పడమన్నమాట. ఆ తర్వాత కదిలినప్పుడల్లా మూడు బైట్లు, 1200 బాడ్ వేగంతో. బైటుకు 9 బిట్ల చొప్పున లెక్కేసుకో, సెకనుకు 44 కదలికలకు మించి పట్టవు. అందుకని బాణం కాస్త ఆగి ఆగి జరిగితే అది లోపం కాదు, ఆనాటి నడకే అంత. దాన్ని సరిచేయాలని చూడకు.

ఇప్పుడు 86బాక్స్ సెట్టింగ్స్ తెరువు. మౌస్ రకం మైక్రోసాఫ్ట్ సీరియల్, పోర్టు కామ్1. అదే జాబితాలో మౌస్ సిస్టమ్స్ అనే రకమూ ఉంటుంది. అది ఐదు బైట్ల పద్ధతి; దాన్ని ఎంచుకుంటే ‘ఎం’ ఎప్పటికీ రాదు. సీరియల్ పోర్టు 1 ఆన్‌లో ఉందో లేదో చూడు. 86బాక్స్ విండోలో ఒకసారి క్లిక్ చేస్తేగాని నీ చేతి కదలిక లోపలికి పోదు, అదీ మరవకు.

విండోస్ జోలికి పోకుండా ముందు డాస్‌లోనే పరీక్షించు. క్యూట్‌మౌస్ డ్రైవరును /ఎస్ తో నడిపితే సీరియల్ పోర్టులే వెతుకుతుంది. కామ్1, చిరునామా 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4, మైక్రోసాఫ్ట్ మోడ్ అని చూపిందా, ‘ఎం’ అందినట్టే. వెంటనే దాన్ని /యు తో తీసేయ్, ఎందుకంటే విండోస్ 1.0 తన సొంత డ్రైవరుతో నేరుగా పోర్టును అందుకుంటుంది. అప్పటికీ బాణం కదలకపోతే విండోస్ సెటప్‌లో మౌస్ తప్పుగా ఎంచుకుని ఉంటావు. ఆ వెర్షన్‌లో మౌస్ డ్రైవరు సెటప్ సమయంలోనే విండోస్ ఫైలులో కలిసిపోతుంది కనుక, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సింది అప్పుడే.

ఒక మౌస్ కోసం ఇంత పట్టుదలేమిటంటావా? ఇక్కడి స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు మెలనీ స్వాల్వెల్ ఆధ్వర్యంలో ఆస్ట్రేలియన్ ఎమ్యులేషన్ నెట్‌వర్క్ ఏర్పడింది. కంప్యూటర్లలోనే పుట్టిన కళాకృతులు, ఆటలు మ్యూజియంలలో, లైబ్రరీలలో మళ్ళీ తెరుచుకోవాలని వాళ్ళ ప్రయత్నం. 1990ల నాటి సీడీరామ్ కళాకృతి ఒకటి తీసుకో. బొమ్మ మీద నొక్కితేనే ముందుకు సాగుతుంది. మౌస్ పనిచేయకపోతే తెర మీద ఉండీ మనకు లేనట్టే. ఒకరు అమర్చిన యంత్రాన్ని మరొకరు తెరవగలగాలి కాబట్టి మౌస్ రకం, పోర్టు, ఐఆర్‌క్యూ, డ్రైవరు వెర్షన్ డిస్క్ ఇమేజ్ పక్కనే ఒక ఫైలులో రాసిపెట్టు. నాకూ ఒక ప్రతి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న